కొత్త కారు, మొదటి చలికాలం: ఉప్పు పట్టిన పెయింట్‌ని గీతలు పడకుండా ఎలా కడగాలి?

వెన్నెల_డ్రైవ్
డిసెంబరు 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా మొదటి కొత్త కారు ఇది. చేతికి వచ్చి 5 వారాలైంది. ముదురు నీలం రంగు. ఎండలో నిలబెడితే చూస్తూ ఉండిపోతాను.

పోయిన వారం మంచు మొదలైంది. రోడ్ల మీద ఉప్పు చల్లుతున్నారు. రెండు రోజులు ఆఫీసుకి వెళ్లొస్తే చాలు, డోర్ల కింది సగం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతోంది. చూడలేక మొన్న ఒక మెత్తటి గుడ్డ తడిపి డ్రైవర్ వైపు డోరు తుడిచాను. చాలా మెల్లగానే తుడిచాను. ఆరాక ఫోన్ టార్చి వేసి చూస్తే సాలెగూడులా సన్నసన్న గీతలు! అందులో రెండు గోటికి కూడా తగులుతున్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కారుని ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ముట్టుకోకపోతే తుప్పు పడుతుందేమోనని ఇంకో టెన్షన్. పగటిపూట కూడా మైనస్ 5, మైనస్ 6 ఉంటోంది. పైపు గడ్డకట్టకుండా బయటి కొళాయికి నీళ్లు ఆపేశాం, కాబట్టి ఇంటి దగ్గర కడిగే వీల్లేదు. ఈ ఉప్పుని చలి తగ్గేదాకా వదిలేయొచ్చా? వాక్స్ లాంటిది ఇప్పుడు వేయొచ్చా? షోరూమ్‌లో ఒకాయన "కొత్త పెయింట్ కదా, 3 నెలల దాకా ఏమీ పూయకండి" అన్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


గ్యారేజ్_పెద్దన్న
డిసెంబరు 4, రాత్రి 10:25

వెన్నెల గారూ, ముందు కంగారు తగ్గించుకోండి. సాలెగూడు గీతలు పోగొట్టొచ్చు. దాని సంగతి చలి తగ్గాక చూద్దాం.

డోరు మీద మీకు కనిపించిన తెల్లటి పొరలో ఉప్పుతో పాటు టైర్ల కింద నలిగిన ఇసుక, రాతిపొడి కూడా ఉంటాయి. తడిగుడ్డ తగలగానే ఉప్పు కరిగిపోతుంది. ఇసుక గుడ్డకి అంటుకుంటుంది. ఇక ఆ గుడ్డతో ఎంత మెల్లగా తుడిచినా గరుకు కాగితంతో రుద్దినట్టే.

రంగు పైన మెరుపునిచ్చే పారదర్శకమైన పొర ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కార్లలో అది సుమారు 40 నుంచి 50 మైక్రాన్ల మందం (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మీరు చూసిన గీతలన్నీ ఆ పొరలోనివే. లేత రంగుల మీదా ఇన్నే పడతాయి, కాకపోతే ముదురు రంగు మీద దాక్కోలేవు.

ఈ చలికాలమంతా ఒక్కటి పట్టుకోండి: నీళ్లు ముందు, చెయ్యి తర్వాత. ధారతో పోయే మట్టినంతా ధారతోనే పోనివ్వాలి. ఆ తర్వాత మిగిలే పల్చటి మురికి పొర మీదే గుడ్డ పెట్టాలి. నీళ్లు కొట్టే వీల్లేని రోజున కారుని అలాగే వదిలేయండి. మురికిగా ఉంటే ఉండనివ్వండి. అద్దాలు, లైట్లు, కెమెరా, నంబర్ ప్లేటు మాత్రం చూసుకుంటే చాలు.


పాతబండి_72
డిసెంబరు 5, ఉదయం 7:15

నేను చలికాలంలో కడగను. 14 ఏళ్లుగా ఇదే పద్ధతి. తలుపులు గడ్డకట్టే బాధ లేదు, గీతల బాధ లేదు. మార్చిలో ఒకసారి బాగా కడుగుతాను. పెయింట్ ఇప్పటికీ బాగానే ఉంది. ఉప్పు వల్ల పెయింట్ పాడవుతుందన్న భయం కొంచెం ఎక్కువేమో అని నా ఉద్దేశం.


ఉప్పు_లెక్క
డిసెంబరు 5, ఉదయం 8:50

పాతబండి గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అందుకే ఒప్పుకుంటూనే మిగతా సగం చెప్తాను. నేను రసాయనాల రంగంలో పనిచేస్తాను, ఈ విషయం మీద నాకు చాలా పట్టింపు.

చెక్కుచెదరని క్లియర్ కోట్‌ని ఉప్పు తొందరగా ఏమీ చేయలేదు. కానీ కారంతా క్లియర్ కోట్ లేదు కదా. బానెట్ ముందు అంచున రాయి తగిలి పెయింట్ లేచిన చోటు, రెండు రేకులు కలిసే అతుకు, మడ్‌గార్డ్ లోపలి మడత, అడుగున ఉండే బోల్టులు, బ్రేక్ పైపులు, సస్పెన్షన్ భాగాలు ఉన్నాయి. తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. ఉప్పు ఆ నీటిలో కరిగి విద్యుత్తు సులువుగా పారేలా చేస్తుంది, అందుకే తుప్పు వేగం పెరుగుతుంది.

ఇంకోటి. రోడ్డు మీద చల్లేది ఎప్పుడూ మామూలు ఉప్పే కాదు. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, సుమారు మైనస్ 9 డిగ్రీల కంటే చలి పెరిగితే మంచు కరిగించడంలో బాగా నెమ్మదిస్తుంది. అందుకని చలి ఎక్కువున్నచోట కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా వాడతారు, చాలాసార్లు ద్రావణంగా ముందే రోడ్డు మీద చిమ్ముతారు. వీటికి గాలిలోని తేమని లాక్కునే గుణం చాలా ఎక్కువ. గది వేడిలో, మామూలు ఉప్పు చెమ్మగిల్లి నీరవ్వాలంటే గాలిలో తేమ 75 శాతం దాకా ఉండాలి. మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు. అంటే బయట పొడిగా ఉన్న రోజున కూడా మీ కారు అడుగు భాగం జిగటగా తడిగానే ఉండొచ్చు. ఆరిపోయిందిలే అనుకుని వదిలేసే లోపు అది తన పని తాను చేస్తూనే ఉంటుంది.

పాతబండి గారూ, మీ పెయింట్ బాగుందన్నారు, నమ్ముతున్నాను. వీలు చూసుకుని ఒకసారి బండిని లిఫ్ట్ ఎక్కించి అడుగు చూడండి.


నురుగు_ప్రియ
డిసెంబరు 5, మధ్యాహ్నం 1:05

వెన్నెల అక్కా, మీలాగే నాకూ ఇంటి దగ్గర నీళ్లు లేవు. నేను వాడే రెండు దారులు చెప్తాను.

మొదటిది, డబ్బులు వేసి మనమే ప్రెషర్ గన్‌తో కడుక్కునే వాష్ బే. 8, 10 రోజులకోసారి, కాస్త చలి తగ్గిన మధ్యాహ్నం చూసుకుని వెళ్తాను. ముందు చక్రాలు, మడ్‌గార్డ్ లోపల, డోర్ల కింద ఉండే సిల్ భాగం కడుగుతాను. అక్కడి బురద చిమ్మి పైన పడుతుంది కాబట్టి అవి ముందు. తర్వాత పై నుంచి కిందికి. నాజిల్‌ని పెయింట్‌కి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి, ఒకేచోట ఆపొద్దు. పెయింట్ లేచిన చోట దగ్గరగా కొడితే ధార ఆ అంచు కిందికి దూరి ఇంకా లేపేస్తుంది. అక్కడ నురుగు చిమ్ముతూ వేలాడే బ్రష్ ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం దయచేసి ముట్టుకోవద్దు. మీ ముందు వచ్చినవాళ్లు దాంతో ఏ బురద రుద్దారో మనకి తెలీదు.

రెండోది రిన్స్‌లెస్ వాష్. దాని గురించి సాయంత్రం రాస్తాను, ఆఫీసులో ఉన్నా.


తెల్లకారు_రవళి
డిసెంబరు 5, మధ్యాహ్నం 2:30

ఆటోమేటిక్ వాష్ గురించి ఎవరూ చెప్పలేదేం? బ్రష్‌లు లేనిది, ఒట్టి నీటి ధారలతో కడిగేది ఉంటుంది కదా. చలిలో చేతులు తడవకుండా పనైపోతుంది.


గ్యారేజ్_పెద్దన్న
డిసెంబరు 5, సాయంత్రం 6:10

రవళి గారూ, బ్రష్‌లు తిరిగే రకమైతే కొత్త కారుని అందులో పెట్టొద్దని గట్టిగా చెప్తాను. ముందు బండి ఇసుక ఆ బ్రష్ పోగుల్లోనే ఉంటుంది. మీరన్న బ్రష్‌లు లేని రకం మేలు. అయితే చేత్తో రుద్దే పని కూడా రసాయనమే చేయాలి కాబట్టి దాంట్లో వాడే సబ్బు ఘాటుగా ఉంటుంది. పదేపదే వెళ్తే మీరు వేసిన వాక్స్ తొందరగా కరిగిపోతుంది. అయినా సరే, ఉప్పుతో 3 వారాలు తిరగడం కంటే అందులో ఒకసారి కడిగించడం నయం. వాక్స్ పోతే మళ్లీ వేసుకోవచ్చు. తుప్పు పట్టిన బ్రేక్ పైపుని తుడిచి బాగుచేయలేం.

అడుగు భాగం కడిగే సదుపాయం ఉన్నచోటే తీసుకోండి. చలికాలంలో నేను అక్కడికి వెళ్లేదే దానికోసం.


నురుగు_ప్రియ
డిసెంబరు 5, రాత్రి 8:45

చెప్పినట్టే రిన్స్‌లెస్ వాష్ గురించి. పైకప్పు ఉన్న పార్కింగ్, అక్కడ 5 డిగ్రీల పైన వేడి ఉంటే ఇది చేయొచ్చు. ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లు చాలు. రిన్స్‌లెస్ ద్రవాన్ని సీసా మీద రాసిన కొలత ప్రకారం కలపాలి, ఎక్కువ పోస్తే జిడ్డు చారలు వస్తాయి. ఇందులో ఉండే పాలిమర్లు మురికిని చుట్టుకుని పెయింట్ నుంచి లేపుతాయి, పైగా జారుడుగా ఉంటుంది కాబట్టి రాపిడి తగ్గుతుంది. మళ్లీ నీళ్లు కొట్టక్కర్లేదు, తుడిచి ఆరబెట్టేయడమే.

మైక్రోఫైబర్ గుడ్డలు 8, 10 దగ్గర పెట్టుకోండి. ఒక్కో గుడ్డని రెండు మడతలు వేస్తే 8 శుభ్రమైన ముఖాలు వస్తాయి. ఒక ముఖంతో ఒకే దిక్కుగా ఒకసారి తుడిచి తిప్పేయాలి. మురికైన గుడ్డని మళ్లీ బకెట్‌లో ముంచకూడదు. పైకప్పుతో మొదలుపెట్టి, ఎక్కువ మురికి ఉండే డోర్ల కింది భాగం, వెనక బంపర్ చివరికి ఉంచాలి.

కానీ అక్కా, ఇక్కడే జాగ్రత్త. ఉప్పూ ఇసుకా మందంగా పేరుకున్న కారు మీద నేరుగా ఇది చేయకండి. ముందు వాష్ బేలో ధార కొట్టించుకుని, ఇంటికి వచ్చాక చేయండి. పెద్దన్న చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది.


వెన్నెల_డ్రైవ్
డిసెంబరు 5, రాత్రి 10:00

అందరికీ చాలా థాంక్స్. మా అపార్ట్‌మెంట్‌కి కింద అంతస్తులో పార్కింగ్ ఉంది, 8 డిగ్రీల దాకా ఉంటుంది. నీళ్లు పారబోయకుండా చేసుకుంటే అభ్యంతరం లేదన్నారు. బే మా ఇంటికి 4 కిలోమీటర్లే. అలా చేసి చూస్తా.

ఒక సందేహం. కింద అంతస్తు వెచ్చగా ఉంటుంది కాబట్టి కారుకి మంచిదే కదా?


ఉప్పు_లెక్క
డిసెంబరు 6, ఉదయం 7:30

ఇది చాలామంది పొరబడే విషయం, మీరు అడిగినందుకు సంతోషం. ఉప్పు పట్టిన కారుని వెచ్చటి చోట పెడితే తుప్పు వేగం పెరుగుతుంది. బయట మైనస్ 10లో రసాయన చర్య బాగా నెమ్మదిగా సాగుతుంది. లోపలికి తెచ్చాక మడ్‌గార్డ్‌లలో అంటుకున్న ఉప్పుమంచు కరుగుతుంది, ఆ ఉప్పునీరు రాత్రంతా అతుకుల్లోకి దిగుతుంది. పొద్దున్నే మళ్లీ బయట గడ్డకడుతుంది, సాయంత్రం మళ్లీ కరుగుతుంది.

అలాగని మీ పార్కింగ్ వదులుకోకండి. అడుగు కడిగి తెచ్చిన రోజున అదే వెచ్చదనం కారుని ఆరబెడుతుంది. కాబట్టి బయట పార్క్ చేసేవాళ్లకంటే మీరు కాస్త తరచుగా అడుగు కడిగించుకోవాలి.


రాత్రి_షిఫ్ట్
డిసెంబరు 6, మధ్యాహ్నం 12:20

కడిగాక ఏం చేయాలో కూడా చెప్పాలి. నాకు జరిగింది చెప్తాను. రెండేళ్ల కిందట మైనస్ 12లో కారు కడిగించి నేరుగా డ్యూటీకి వెళ్లాను. 8 గంటల తర్వాత వచ్చి చూస్తే నాలుగు తలుపులూ గడ్డకట్టేశాయి. చలికి వణుకుతూ గట్టిగా లాగాను. తలుపు వచ్చింది, దాంతో పాటు రబ్బరు బీడింగ్ కూడా చిరిగి వచ్చింది. ఆ చలికాలమంతా అక్కడి నుంచి గాలి కొట్టేది.

ఇప్పుడు కడిగిన వెంటనే నాలుగు తలుపులు, డిక్కీ తెరిచి రబ్బరు, కింది అంచు పొడిగుడ్డతో తుడుస్తాను. పెట్రోల్ మూత చుట్టూ కూడా. చలి మొదలవ్వక ముందే ఆ రబ్బర్లకి సిలికాన్ గ్రీజు పల్చగా పూస్తే తలుపు అంటుకోదు. తర్వాత కొంచెం దూరం నడిపి, వెనక ఎవరూ లేనప్పుడు నాలుగైదు సార్లు మెల్లగా బ్రేక్ నొక్కుతాను, ఆ వేడికి బ్రేకులు ఆరతాయి. చెయ్యి బ్రేక్ ఉన్న కార్లు తడి మీద బ్రేక్ లాగి వదిలేస్తే పట్టేసుకునే ప్రమాదం ఉంది. చదునైన చోట గేర్‌లో ఉంచి వదలడం మేలు.

మైనస్ 10 కంటే చలి ఉన్నప్పుడు నేనిక కడగను. రెండు రోజులు ఆగుతాను.


మెరుపు_మేస్త్రి
డిసెంబరు 6, రాత్రి 9:15

కార్ల డీటెయిలింగ్, అంటే లోతుగా శుభ్రం చేసి పాలిష్, పూతలు వేయడం, నా వృత్తి. వాక్స్ ప్రశ్నకి నేను జవాబు చెప్తాను.

షోరూమ్‌లో ఆయన చెప్పిన 3 నెలల మాట వేరే సందర్భానిది. ఫ్యాక్టరీలో ఒట్టి బాడీగా ఉన్నప్పుడే పెయింట్‌ని పెద్ద ఓవెన్‌లో సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బయటికి వచ్చేటప్పటికే అది పూర్తిగా గట్టిపడి ఉంటుంది. మొదటి రోజునే పూత వేసుకోవచ్చు. యాక్సిడెంట్ అయి వర్క్‌షాప్‌లో మళ్లీ వేసిన పెయింట్ సంగతి వేరు. అక్కడ ప్లాస్టిక్, వైర్లు అన్నీ అమర్చి ఉన్న బండిని అంత వేడి చేయలేరు. కాబట్టి దానిలోని సాల్వెంట్ నెమ్మదిగా ఆవిరవ్వాలి, అందుకే కొన్ని వారాలు ఆగమంటారు.

ఇక ఏది వేయాలి? కార్నోబా వాక్స్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ ఉప్పూ ఘాటు సబ్బూ కలిసి దాన్ని కొన్ని వారాల్లోనే తినేస్తాయి. సింథటిక్ సీలెంట్ బాగా వేస్తే 4 నుంచి 6 నెలలు, అంటే ఒక చలికాలం గడుస్తుంది. సెరామిక్ కోటింగ్ ఏళ్ల తరబడి ఉంటుంది. కాకపోతే వేసే ముందు గీతలన్నీ పాలిష్ చేయాలి, లేకపోతే వాటినే లోపల పెట్టి మూసినట్టవుతుంది. 10 డిగ్రీల కంటే తక్కువలో సరిగా గట్టిపడదు కూడా. కాబట్టి వెన్నెల గారికి ఈ ఏడాది సీలెంట్ చాలు. 8 డిగ్రీల పార్కింగ్‌లో కూడా స్ప్రే రకం కొన్ని పనిచేస్తాయి, సీసా మీద ఉష్ణోగ్రత చూసి కొనండి. బానెట్ ముందు అంచు, డోర్ల కింది భాగం, చక్రాల రిమ్‌లు, ఈ మూడింటికీ రెండో పూత వేయండి. మిగతా చోట ఒక్క పూత సరిపోతుంది.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. వీటిలో ఏదీ రాయి దెబ్బని ఆపదు. దాన్ని ఆపేది పీపీఎఫ్, అంటే పెయింట్ మీద అంటించే మందపాటి పారదర్శక ఫిల్మ్ ఒక్కటే. సీలెంట్ చేసేది మురికి గట్టిగా పట్టుకోకుండా చూడటం. అప్పుడు ధారకే ఎక్కువ భాగం పోతుంది, మీ చెయ్యి తక్కువ పెడతారు. నా దృష్టిలో చలికాలపు పూత అసలు ప్రయోజనం అదే, మెరుపు కాదు.


పాతబండి_72
డిసెంబరు 8, సాయంత్రం 5:50

ఉప్పు_లెక్క గారి మాట మీద నిన్న లిఫ్ట్ ఎక్కించి చూశాను. వెనక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే ఇనుప చట్రం) తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంది. రెండు బ్రేక్ పైపులు మార్చాలన్నారు. పెయింట్ ఒక్కటే చూసుకుంటూ కూర్చున్నాను ఇన్నేళ్లూ. చెప్పినందుకు కృతజ్ఞతలు. వాహనం మారుస్తానో బాగుచేయిస్తానో ఇంకా తేల్చుకోలేదు.


ఉప్పు_లెక్క
డిసెంబరు 8, రాత్రి 8:00

బ్రేక్ పైపులు తెగకముందే కనబడ్డాయి, అదే పెద్ద విషయం అండీ. అవి మార్చేదాకా బండి తీయకండి.


పొగమంచు_దారి
డిసెంబరు 9, ఉదయం 6:40

మేం ఉండే చోట మంచు కురవదు, ఉప్పు చల్లరు. పొగమంచు, దుమ్ము మాత్రం విపరీతం. పొద్దున్నే కారు నిండా తడి, దాని మీద దుమ్ము బురదలా అంటుకుని ఉంటుంది. రోజూ తుడిపిస్తున్నాను. మాకూ ఇదే వర్తిస్తుందా?


మెరుపు_మేస్త్రి
డిసెంబరు 9, ఉదయం 9:30

మీకు ఇంకా ఎక్కువ వర్తిస్తుందండీ. నా దగ్గరికి వచ్చే గీతల కార్లలో చాలావాటికి కారణం రోజూ ఒకే గుడ్డతో తుడవడమే. ఆ గుడ్డలో నిన్నటి దుమ్ము ఉంటుంది. రోజూ తుడవడం ఆపేయండి. వారానికోసారి నీళ్లు పోసి, షాంపూతో రెండు బకెట్ల పద్ధతిలో కడగండి: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఒట్టి నీళ్లు, ప్రతిసారీ మిట్‌ని (చేతికి వేసుకునే మెత్తటి తొడుగు) ఒట్టి నీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచడం. మధ్యలో అద్దాలు మాత్రం తుడుచుకోండి.


తెల్లకారు_రవళి
డిసెంబరు 19, రాత్రి 9:00

రాత్రి 20 సెంటీమీటర్ల మంచు పడింది. అందరూ కడగడం గురించే రాశారు, కానీ మా వీధిలో పొద్దున్నే ప్లాస్టిక్ బ్రష్‌లతో, కొందరు చీపుళ్లతో కార్ల మీద మంచు బరబరా గీకుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. బానెట్ మీద, పైకప్పు మీద గట్టి బ్రష్ వాడకండి. మెత్తటి ఫోమ్ తలతో వచ్చే మంచు తోపుడు కర్ర దొరుకుతుంది. దాంతో కూడా పెయింట్‌కి తగిలేలా నొక్కకుండా, 2, 3 సెంటీమీటర్ల పొర వదిలి పైదంతా తోసేయండి. మిగిలింది ఇంజన్ వేడికీ ఎండకీ పోతుంది. పైకప్పు మీద మాత్రం గడ్డలు మిగల్చకండి, నడుస్తుంటే జారి వెనక బండి మీద పడతాయి. ఐస్ గీకే స్క్రేపర్ అద్దాలకే. అద్దం మీద వేడినీళ్లు పోయకండి, పగిలిపోవచ్చు.


వెన్నెల_డ్రైవ్
జనవరి 11, మధ్యాహ్నం 3:20

నెల రోజుల కబురు చెప్తున్నాను. డిసెంబరు 7న బేలో ధార కొట్టి, ఇంటికి వచ్చి రిన్స్‌లెస్ చేసి, మర్నాడు స్ప్రే సీలెంట్ వేశాను. ఇప్పటికి నాలుగు సార్లు బేకి వెళ్లాను. తేడా నిజంగా తెలుస్తోంది. మొన్న ధార కొడుతుంటే డోర్ల మీది బురద చారలు చారలుగా జారిపోయింది, గుడ్డ పెట్టాల్సిన అవసరమే రాలేదు. కొత్త గీతలు లేవు.

కానీ బానెట్ ముందు అంచున, ముందు బంపర్ మీద చెరో రాయి దెబ్బ కనిపించింది. గింజంత తెల్లటి చుక్కలు. బానెట్ మీద చుక్క మధ్యలో బూడిద రంగు కనిపిస్తోంది. ఇప్పుడేం చేయాలి?


మెరుపు_మేస్త్రి
జనవరి 11, రాత్రి 8:10

బంపర్ ప్లాస్టిక్ కదా, తుప్పు పట్టదు. దాన్ని మార్చి నెల దాకా మర్చిపోండి.

బానెట్ సంగతి చూద్దాం. ముందు అయస్కాంతం పెట్టి చూడండి, కొన్ని కార్లకి బానెట్ అల్యూమినియం ఉంటుంది. అలా అయితే ఎర్ర తుప్పు రాదు, తొందరలేదు. అంటుకుంటే ఉక్కు. బూడిద రంగు కనబడుతోందంటే బహుశా ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) ఇంకా మిగిలే ఉంది, అదృష్టం. మెరిసే లోహం కనిపిస్తే మాత్రం ప్రైమర్ చుక్క కూడా కావాలి.

మీ కారు పెయింట్ కోడ్ ఒక స్టిక్కర్ మీద ఉంటుంది, చాలా కార్లలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కనబడుతుంది. ఆ కోడ్‌తో టచప్ పెన్ కొనండి. కింద పార్కింగ్‌లో కారుని ఒక రాత్రంతా ఆరనివ్వండి. పెయింట్‌కి 10 డిగ్రీల పైన వేడి కావాలి కాబట్టి ఆ చుట్టూ హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వెచ్చబెట్టండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చుక్కని తుడవండి, మీరు వేసిన సీలెంట్ అక్కడ పోతేనే పెయింట్ పడుతుంది. మూతకి ఉన్న బ్రష్ లావుగా ఉంటుంది, దాంతో పెట్టకండి. టూత్‌పిక్ కొనతో గుంట లోపల మాత్రమే చుక్క పెట్టండి. ఆరాక ఇంకో చుక్క. చివర క్లియర్. దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది, తెలియనివ్వండి. లోపల లోహం మూసుకుంది, మనకి కావాల్సింది అది.


గ్యారేజ్_పెద్దన్న
జనవరి 12, ఉదయం 7:00

దీనికి తోడు ఒక మాట. రోడ్డు మీద ఉప్పు లారీ వెనక, ఇసుక చల్లే బండి వెనక దగ్గరగా వెళ్లకండి. పెయింట్ కాపాడే వస్తువులు ఎన్ని కొన్నా, ముందు బండికి దూరం పాటించడంతో సమానం కావు.


చిన్నడ్రైవర్
ఫిబ్రవరి 2, రాత్రి 10:30

అడుగు భాగానికి నల్లటి రబ్బరు లాంటి పూత వేస్తామని ఒకచోట చెప్పారు. వేయించనా? నాదీ కొత్త కారే.


గ్యారేజ్_పెద్దన్న
ఫిబ్రవరి 3, ఉదయం 7:20

తమ్ముడూ, తొందరపడకు. ఆరితే గట్టిపడే రబ్బరు పూత ఎక్కడో చిన్న పగులు ఇచ్చిందంటే ఉప్పునీరు దాని కిందికి దూరి బయటికి రాదు. పైకి నల్లగా నిగనిగలాడుతుంటుంది, లోపల రేకు కరిగిపోతుంటుంది. అలాంటి బండ్లు నా చేత్తో విప్పాను. ఎప్పటికీ మెత్తగా ఉండే లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు) నూనె రకం, మైనం రకం పూతలు మేలు. ఏటా చలికి ముందు మళ్లీ కొట్టించుకోవాలి, అంతే. ఇప్పుడు ఉప్పు పట్టిన అడుగు మీద వేయిస్తే ఉప్పుని లోపల పెట్టి మూసినట్టే. ఎండాకాలంలో శుభ్రంగా కడిగి ఆరబెట్టి వేయించు.

ఎవరు వేసినా ఒకటి అడుగు: డోర్ల కింద, సిల్ కింద చిన్న రంధ్రాలు ఉంటాయి, నీళ్లు బయటికి పోవడానికి. అవి మూసేస్తే డోరు లోపల నీళ్లు నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది. పని అయ్యాక నువ్వే వంగి చూసుకో. కంపెనీ తుప్పు వారంటీ షరతులు కూడా ముందు చదువుకో.


వెన్నెల_డ్రైవ్
మార్చి 23, సాయంత్రం 5:45

రోడ్ల మీద ఉప్పు ఆగిపోయింది. రెండు వానలు కురిశాయి, పగలు 14 డిగ్రీలు వస్తోంది. నిన్న సెలవు పెట్టి మరీ కారుతో గడిపాను.

అడుగు రెండుసార్లు కడిగించాను. పెద్దన్న గారు చెప్పిన డోరు రంధ్రాలు వెతికి చూస్తే వెనక డోరుది ఒకటి మట్టితో మూసుకుపోయి ఉంది. ప్లాస్టిక్ పుల్లతో తీశాను, నీళ్లు బుడబుడా కారాయి. మడ్‌గార్డ్ లోపలి మడతలో వేలు పెట్టి చూస్తే తడి ఇసుక గుప్పెడు వచ్చింది. బయటి కొళాయి మళ్లీ తెరిచాం కాబట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా పైపు పెట్టి ఉంచాను.

తర్వాత ఐరన్ రిమూవర్ కొట్టాను. తెల్లటి చక్రాల మీద ఊదా రంగు ధారలు కారుతుంటే భయపడ్డాను. అది బ్రేకుల నుంచి రాలిన ఇనుప రేణువుల్ని కరిగించడమేనని చదివి కుదుటపడ్డాను. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని తడి పెయింట్ మీద రాసి చూస్తే ఇంకా గరుకు తగిలింది, క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న రేణువుల్ని లాగేసే మెత్తటి మట్టి ముద్ద) వాడాక గాజులా అయింది. ఇవాళ సన్నరకం పాలిష్‌తో ఆ డ్రైవర్ డోరు చేశాను. సాలెగూడు మొత్తం పోయింది! టార్చి వేసి నాలుగు వైపుల నుంచీ చూశాను.

గోటికి తగిలే ఆ రెండు గీతలు మాత్రం ఉన్నాయి. పల్చబడ్డాయి, పోలేదు. ఇంకోసారి గట్టిగా పాలిష్ కొట్టమంటారా?


మెరుపు_మేస్త్రి
మార్చి 23, రాత్రి 9:05

వద్దండీ. గోటికి తగిలే గీత పోవాలంటే దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని దాని అడుగు దాకా అరగదీయాలి. ఉన్న 40, 50 మైక్రాన్లలో అంత ఒక్క డోరు మీద ఖర్చు పెడితే, రేపు ఎండ తట్టుకునే పొర అక్కడే ముందు పల్చబడుతుంది. గీత అంచులు గుండ్రంగా అయ్యాయి కాబట్టి వెలుగులో ఇకమీదట అంతగా మెరవవు. వాటిని వదిలేసి పైన సీలెంట్ వేసేయండి.


వెన్నెల_డ్రైవ్
మార్చి 23, రాత్రి 9:40

సరే అండీ, వదిలేస్తున్నాను. సీలెంట్ రేపు పొద్దున్న ఎండ ఎక్కకముందే నీడలో వేస్తాను. డోరు ఫోటో, టచప్ చుక్క ఫోటో రెండూ రేపే పెడతాను.